జట్టు నేనే ఎంచాను

ఆ బస్సు డిపోలో బ్రేకులు చూసే మేస్త్రిని అందరూ కెప్టెన్ అనే పిలుస్తారు. జీతం వచ్చేది బ్రేకుల మీద. అయినా, బస్సు కింద నుంచి అతని కాళ్ళు మాత్రమే బయటికి కనబడుతున్నప్పుడు కూడా డ్రైవర్లు "కెప్టెన్, ఇంకెంతసేపు?" అనే అడుగుతారు. డిపో క్రికెట్ జట్టుకి అతనే కెప్టెన్ గానీ, బ్యాటింగ్‌లో నెమ్మది. "బ్రేకులాయన కదా, పరుగు కనబడితే ఆపేస్తాడు" అని షెడ్డులో ఒక పాత జోకు ఉంది. దానికి అతను కూడా నవ్వుతాడు, పెద్దగా కాదు.

డిపోల మధ్య ప్రతి ఏడూ క్రికెట్ పోటీలు జరుగుతాయి. జట్టును ఎంచేది ముగ్గురు. డిపో మేనేజర్, స్టోర్స్ ఆఫీసర్, ఎప్పుడో రిటైరైన టైమ్‌కీపర్ తాత. కెప్టెన్ కూడా ఆ గదిలో తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. అడిగితే అభిప్రాయం చెప్పొచ్చు. ఓటు లేదు. లోపల ఎవరు ఏమన్నారో బయట చెప్పకూడదు. ఇతనికి ముందున్న కెప్టెన్ ఒకసారి నోరు జారి, ఆ ఏడే మామూలు ఆటగాడైపోయాడు.

ఎంపిక అయ్యాక కెప్టెన్ షెడ్డులోకి వచ్చి, బస్సుల అడుగు చూడటానికి తవ్విన గుంత పక్కన నిలబడి పేర్లు చదవాలి. మొదట కీపర్ పేరు. ఆ డిపో మొట్టమొదటి కెప్టెన్ వికెట్ కీపర్ కావడంతో ఆ పద్ధతి అలా నిలిచిపోయింది. అన్నీ చదివాక ఒక మాట అనాలి: "జట్టు నేనే ఎంచాను. ఏదైనా అడగాలంటే నన్నడగండి."

ఎవరూ అడగరు. ఆ మాట ఎవరూ నమ్మరు. చోటు పోయినవాడే సాయంత్రం అతని దగ్గరికొచ్చి, "నీ చేతుల్లో ఏముందిలే కెప్టెన్" అని భుజం తట్టి వెళ్తాడు. అతను అవుననడు, కాదనడు. గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడతాడు. చాలా ఏళ్ళు అలా గడిచింది. ఒకరకంగా సుఖంగానే గడిచింది.

డిపో వెనక క్వార్టర్లలో అతని ఇల్లు రెండు గదులు. ముందు గదిలో బావమరిది మడతమంచం. దానికి చోటు కోసం కిటికీ దగ్గరుండే పేము కుర్చీని వరండాలో పెట్టారు. వానకి తడిసి, ఎండకి ఎండి, దాని అల్లిక ఒకవైపు ఊడిపోయింది. పని నుంచి వచ్చి మోకాళ్ళు చాపుకుని ఆ కుర్చీలో కూర్చోవడం అతనికి అలవాటు. ఇప్పుడు మంచం అంచు మీద కూర్చుంటాడు, బావమరిది కాళ్ళు ముడుచుకుంటే.

బావమరిది టైర్ల షెడ్డులో తాత్కాలిక పనివాడు. జట్టుకి కీపర్. బంతి చేతికి తగిలితే ఇక ఊడదని అందరూ అతన్ని జిగురు అంటారు. సీజన్ అయిపోగానే తాత్కాలికం వాళ్ళని ఇంటికి పంపేస్తారు. ఆ ఏడు డిపోల పోటీల్లో ఆడినవాళ్ళని మాత్రం ఉంచుకుని, ఉద్యోగం ఖాయం చేస్తారు. ఎక్కడా రాసిలేదు గానీ ఎప్పుడూ తప్పలేదు. ఖాయమైతే వెనక వరసలో ఖాళీగా ఉన్న ఒంటిగది క్వార్టరు కూడా వస్తుంది. జిగురు అక్క అప్పుడే ఆ గది కిటికీ జానతో కొలిచి వచ్చింది.

టైర్ల షెడ్డులో ఒక మధ్యాహ్నం, చక్రానికి టైరు బిగిస్తుండగా ఇనప రింగు ఎగిరి జిగురు కుడిచేతి నడివేలి మీద పడింది. షెడ్డులో ఆ సమయంలో ఇంకెవరూ లేరు. చేతికి గుడ్డ చుట్టుకుని నేరుగా బ్రేకుల దగ్గరికొచ్చి, బస్సు కిందకి వంగి, "బావా, ఒకసారి బయటికి రా" అన్నాడు. మొహం సున్నంలా ఉంది.

"డాక్టరు దగ్గరికి పద," అన్నాడు కెప్టెన్.

"డిపో డాక్టరు దగ్గరికా? రాసేస్తాడు. చెయ్యి దెబ్బతిన్న టెంపరరీ వాడిని రేపు గేటు లోపలికి రానిస్తారా?"

"బయట చూపిద్దాం."

బయట చూపించారు. ఎముక అతుక్కుంటుంది గానీ వేలు సగమే వంగుతుందని, బరువైన దెబ్బ ఇంకొకటి తగిలితే అదీ ఉండదని ఆ డాక్టరు చెప్పాడు. అక్కకి తలుపు సందులో నలిగిందన్నారు. ఆమె కాసేపు తలుపుని తిట్టింది. రెండు వారాలకే మరిచిపోయింది.

పోటీలకి ముందు ఆడే ప్రాక్టీసు మ్యాచ్‌లలో జిగురు మళ్ళీ గ్లోవ్స్ తొడుక్కున్నాడు. కెప్టెన్ ఎప్పుడూ నిలబడేది కీపర్‌కి కుడిపక్కన, ఫస్ట్ స్లిప్‌లో. మొదటి ఓవర్లోనే అతనికి శబ్దం తేడా తెలిసింది. ఇదివరకు బంతి గ్లోవ్స్‌లో పడితే తలుపు గట్టిగా మూసినట్టుండేది. ఇప్పుడు ఎడమ అరచేతిలో మాత్రమే, చప్పగా. కుడివైపు వచ్చే బంతికి జిగురు ఒళ్ళంతా తిప్పి ఎడమచెయ్యి అడ్డం పెడుతున్నాడు. ఇద్దరూ దీని గురించి ఏమీ అనుకోలేదు. కెప్టెన్ ఒక అడుగు ఎడమకి జరిగి నిలబడ్డాడు. తర్వాత ఇంకో అడుగు. బంతి బ్యాటు అంచుకి తగిలీ తగలకముందే అతని ఒళ్ళు ఎడమకి పడిపోయేది. కీపర్ పట్టాల్సినవన్నీ అతను పట్టాడు. ఆ ఏడు అతని క్యాచ్‌ల గురించి క్యాంటీన్లో చెప్పుకున్నారు. "ఈ వయసులో ఇదేం రోగమయ్యా కెప్టెన్‌కి" అన్నాడు ఒక డ్రైవరు. కీపర్ పక్క నుంచి ఒక్క బంతీ పోలేదని అందరూ అన్నారు. అదీ నిజమే.

అతని మోకాళ్ళు మాత్రం రాత్రి పూట మంచం దిగనిచ్చేవి కాదు.

ఎంపిక రోజు పొద్దున అతను గడ్డం గీసుకుంటుంటే, భార్య టీ గ్లాసు కిటికీలో పెట్టి అక్కడే నిలబడింది.

"ఇవాళైనా కాస్త గట్టిగా మాట్లాడండి."

"నాకు ఓటు లేదే."

"నోరు ఉందిగా."

"నోరుంటే సరిపోతుందా?"

"నాకు సరిపోతోందిగా ఇన్నేళ్ళూ," అంది ఆమె.

మంచం మీద నుంచి జిగురు అన్నాడు: "అక్కా, బావని గడ్డం గీసుకోనీ. చెంప తెగితే అది కూడా నా ఖాతాలో రాస్తావు."

"నువ్వు నోరు మూసుకుని పడుకో. వెనక గదికి పరదా గుడ్డ తీసి పెట్టాను. నీలం రంగు. నీకు నచ్చకపోయినా అదే."

"నేను గదిలో ఉంటే ఇక పరదా ఎవరు చూస్తారక్కా?"

"రేపు నీకు పెళ్ళామొస్తే చూస్తుంది," అని ఆమె లోపలికి పోయింది.

జిగురు లేచి కూర్చుని కుడిచెయ్యి బావ ముందు చాపాడు. "చూడు. వంగుతోంది." వేలు సగం దాకా వచ్చి ఆగింది. "పోయిన వారం ఇంత కూడా రాలేదు."

కెప్టెన్ ఆ వేలి కణుపు మీద బొటనవేలు పెట్టి కొద్దిగా నొక్కాడు. జిగురు నవ్వుతూనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నవ్వు ఉండిపోయింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలుగు మ్యాచ్‌లే కదా బావా. ఆడేస్తే అయిపోతుంది."

"ఊఁ," అన్నాడు కెప్టెన్.

మేనేజర్ గదిలో తాత కుర్చీ ఖాళీగా ఉంది. కంటి ఆపరేషన్ చేయించుకుని, పట్టీతో ఇంట్లో పడుకున్నాడట. పది పేర్లు తొందరగానే తేలిపోయాయి. కీపర్ దగ్గర ఆగింది.

"జిగురే," అన్నాడు మేనేజర్. "అతని పక్క నుంచి ఒక్క క్యాచ్ పోయిందా ఈ ఏడు?"

"చిలక," అన్నాడు స్టోర్స్ ఆఫీసర్. చిలక బస్సులు కడిగే చోట తాత్కాలిక పనివాడు. వికెట్ల వెనక వాగుతూనే ఉంటాడని ఆ పేరు. "రెండేళ్ళ నుంచి ప్రతి సీజన్‌కీ వచ్చి మంచినీళ్ళే మోస్తున్నాడు. వాడికేం తక్కువ? నేను పేర్లు పెట్టి చెప్పను. కొందరికి చుట్టరికం ఉంటుంది, కొందరికి ఉండదు."

"ఆ మాట అనకండి. కెప్టెన్ ఇక్కడే ఉన్నాడు."

"ఉన్నాడు కాబట్టే అంటున్నాను. వెనకాల అంటే బాగుండదు."

మేనేజర్ కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "ఇద్దరం చెరో మాట మీద ఉన్నాం. మూడో ఓటు కెప్టెన్‌ది."

స్టోర్స్ ఆఫీసర్ నవ్వి పెన్నుకి మూత పెట్టేశాడు. "ఇంకేం. అయిపోయినట్టే."

కెప్టెన్ స్టూలు మీద నుంచి సగం లేచాడు. "సార్, నాకు ఓటు లేదు కదా."

"ఇవాళ ఉంది."

"తాత ఇంటికి ఎవరినైనా పంపితే..."

"పట్టీ కట్టుకుని పడుకున్న మనిషిని జట్టు చూడమంటామా? సాయంత్రంలోగా పేర్లు పంపాలి. చెప్పు."

పోటీకి తెప్పించిన కొత్త బంతి బల్ల మీద ఉంది. మేనేజర్ దాన్ని ఊరికే అతని వైపు దొర్లించాడు. కెప్టెన్ అందుకున్నాడు. కొత్త బంతి రాయిలా ఉంటుందని అతనికి తెలుసు, అయినా అరచేతిలో పడగానే ఆశ్చర్యం వేసింది. జిగురు వేలి కణుపు గుర్తొచ్చింది. ఎడమకి వెళ్ళి పట్టడానికి తన మోకాళ్ళు ఇంకా ఎన్ని బంతులకి ఓర్చుకుంటాయో తెలీదు. ఫీల్డర్లు దూరం నుంచి విసిరిన బంతికి తను అడ్డం పోలేడు. అది నేరుగా కీపర్‌కే వస్తుంది. జిగురు అంటే జిగురుకి ఉద్యోగం, వేలు పోతే పోతుంది, చిలక ఇంటికి పోతాడు. చిలక అంటే చిలకకి ఉద్యోగం, జిగురు ఇంటికి, అంటే తన ముందు గదిలోకి. చెప్పగలిగిన కారణం ఒక్కటే. దాన్ని ఈ గదిలో చెబితే రేపటి నుంచి జిగురుకి టైర్ల షెడ్డు కూడా ఉండదు.

ఓటుంటే ఎలా ఉంటుందోనని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు. తలుపు మూసే ఉంది.

"చిలక సార్," అన్నాడు.

స్టోర్స్ ఆఫీసర్ తల ఎత్తాడు.

"ఎందుకు?" అన్నాడు మేనేజర్.

"చిలక బాగా పడతాడు సార్."

"జిగురు పట్టనిదేమైనా ఉందా?"

"లేదు సార్."

"మరి?"

కెప్టెన్ బంతిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. అది దొర్లకుండా కాసేపు వేలితో ఆపి పట్టుకున్నాడు. "చిలక అనేదే నా మాట సార్."

స్టోర్స్ ఆఫీసరే ముందు తేరుకున్నాడు. "నేను నిన్ను తప్పుగా అనుకున్నాను కెప్టెన్. అనకూడనిది అన్నాను."

మేనేజర్ లేచి వచ్చి చెయ్యి కలిపాడు. "సొంత మనిషని కూడా చూడలేదు. ఇలాంటివాడు ఒక్కడుంటే చాలు." కెప్టెన్‌కి ఆ చెయ్యి వదిలించుకోవాలనిపించింది. మేనేజర్ చెయ్యి కాబట్టి ఆయన వదిలేదాకా ఆగాడు.

"ఓటు సంగతి మాత్రం బయట వద్దు," అన్నాడు మేనేజర్ తలుపు తీస్తూ. "ఎప్పటిలాగే కానివ్వు."

షెడ్డులో నీళ్ళ గొట్టాలు ఆపేశారు. వెల్డింగ్ ఆగింది. గుంత పక్కన నిలబడి కెప్టెన్ కాగితం విప్పాడు. వెనక, పేర్చిన టైర్లకి ఆనుకుని జిగురు నిలబడి ఉన్నాడు. కాగితం చూడకుండానే చదవగలిగినా కాగితంలోకే చూశాడు.

"కీపర్, చిలక."

నిద్రలో కూడా మాట్లాడతాడని పేరున్న చిలకకి నోట మాట రాలేదు. చేతిలో తడి గుడ్డ నుంచి నీళ్ళు బూట్ల మీద కారుతున్నాయి. అప్పుడు వెనక నుంచి ఒక్కడి చప్పట్ల శబ్దం వచ్చింది. జిగురు. కుడిచెయ్యి కదపకుండా, ఎడమ అరచేత్తో తొడ మీద కొడుతున్నాడు. తర్వాత అందరూ కొట్టారు.

కెప్టెన్ మిగతా పేర్లు చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"జట్టు నేనే ఎంచాను. ఏదైనా అడగాలంటే నన్నడగండి."

"అవునవును, నువ్వే ఎంచావు," అన్నారెవరో. కొందరు నవ్వారు. జాలిపడే నవ్వు.

జనం చెదిరాక ముసలి వెల్డరు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "సొంత బావమరిదిని తీసేసి, పైగా నీ చేతే చదివిస్తారా? మనుషులేనా వీళ్ళు?"

"నేనే ఎంచాను," అన్నాడు కెప్టెన్.

"తెలుసులేవయ్యా."

"నిజంగా నేనే."

"సరే, నువ్వే. పద, టీ తాగుదాం. మొహం చూసుకున్నావా?"

ఇంటికి వెళ్ళే దారి డిపో గోడ వెంట ఉంటుంది. జిగురు అతని పక్కనే, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నడిచాడు.

"వేలు సంగతి చెప్పలేదు కదూ నువ్వు?"

"లేదు."

"అనుకున్నా. చెప్పుంటే ఈపాటికి నా కార్డు లాక్కునేవాళ్ళు." కొంతదూరం నడిచాక అన్నాడు, "స్టోర్సాయనకి మొదటి నుంచీ నేనంటే పడదు. నీకు చెయ్యడానికి ఏం లేదు బావా. నువ్వు నలిగిపోకు."

కెప్టెన్ గోడ వైపు చూస్తూ నడిచాడు.

కబురు వాళ్ళకంటే ముందే ఇల్లు చేరింది. భార్య ఇద్దరికీ టీ పోసింది. చక్కెర ఎక్కువ పడింది. పొద్దున తీసి పెట్టిన నీలం పరదా గుడ్డ కనబడలేదు, ఎక్కడో లోపల పెట్టేసింది.

"నేను మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను," అంది.

"అనే మాట ఉంది," అన్నాడు కెప్టెన్. గ్లాసు కింద పెట్టాడు. "ఇవాళ తాత రాలేదు. మేనేజర్ ఒకటన్నాడు, స్టోర్సాయన ఒకటన్నాడు. మూడో ఓటు నాకిచ్చారు. చిలక అన్నది నేను."

ఆమె అతని వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం కోసం అతను వెతికాడు.

"ఇంట్లో కూడా అదే చదువుతారా?" అంది. "అక్కడ అనాల్సింది ఏదో అన్నారు. ఇక్కడ గుంత లేదు, జనం లేరు. నేనూ వీడే."

"అది కాదే. నిజంగానే."

"వాళ్ళు చేసిన పాపం నెత్తిన వేసుకుని తిరగడం మీకు అలవాటైపోయింది. గదిలో ఏం జరిగిందో చెప్పకూడదు, అంతేగా? చెప్పకండి. నేనడిగానా?"

"చాల్లే బావా," అన్నాడు జిగురు. "మాకు తెలీదా?"

"నేనే అన్నాను," అన్నాడు కెప్టెన్ మళ్ళీ. గొంతు కొంచెం పెరిగింది. గుంత దగ్గర చదివేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది, అతనికే వినబడింది.

"సరే. ఎందుకన్నారో చెప్పండి మరి."

అతను జిగురు వైపు చూశాడు. జిగురు కుడిచెయ్యి దుప్పటి కిందకి పోయింది. అక్కకి కనబడకుండా తల ఒక్కసారి అడ్డంగా ఊపాడు. ఆమెకి తెలిస్తే తెల్లారేసరికి న్యాయమడుగుతూ మేనేజర్ ఇంటి ముందుంటుంది, తమ్ముడి చెయ్యి పట్టుకుని మరీ. అది ముగ్గురిలో ఇద్దరికి తెలుసు.

కెప్టెన్ కింద పెట్టిన గ్లాసుని ఇంకొంచెం పక్కకి జరిపాడు.

"చూశారా," అంది ఆమె, దాదాపు ప్రేమగా. "కారణం లేకుండా మీరు మేకు కూడా కొట్టరు. పదహారేళ్ళుగా కాపురం చేస్తున్నాను, ఆ మాత్రం తెలీదా?" గ్లాసులు తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి వరండాలోకి చూసింది. "వీడు ఇంకో పని దొరికేదాకా ఇక్కడే ఉంటాడు. ఆ కుర్చీ మీద గోనెపట్టా ఏదైనా కప్పుతాను. పాడైపోతోంది."

మొదటి మ్యాచ్‌కి డిపో అంతా వచ్చింది. కెప్టెన్ భార్య కూడా వచ్చి, గట్టు మీద డ్రైవర్ల ఇళ్ళవాళ్ళతో కూర్చుంది. ఈసారి మంచినీళ్ళు మోసేది జిగురు. తువ్వాలు భుజాన వేసుకుని, బకెట్ పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

టాస్ ఓడిపోయి ఫీల్డింగుకి దిగారు. వికెట్ల వెనక చిలక అప్పుడే మొదలుపెట్టాడు. "రండి రండి. బండి బయల్దేరుతోంది. టికెట్టు తీసుకున్నారా సార్? తీసుకోకపోతే దిగిపోండి." బ్యాటు పట్టుకున్నవాడు నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాడు.

రెండో ఓవర్లో బంతి బ్యాటు అంచుకి తగిలింది. చిలకకి కుడిపక్కగా, నడుము ఎత్తులో, పసివాడైనా పట్టేలా వచ్చింది. చిలక రెండు చేతులూ చాపాడు. అప్పటికే కెప్టెన్ ఎడమకి పడిపోయాడు. అతను అనుకుని చెయ్యలేదు. ఒళ్ళు వెళ్ళిపోయింది. అతని వేళ్ళు చిలక గ్లోవ్స్‌కి తగిలాయి, బంతి ఎగిరి ఇద్దరి మధ్యా నేల మీద పడింది.

చిలక వాగుడు ఆగిపోయింది. "అన్నా, అది నాది," అన్నాడు మెల్లగా.

"అవును. నీదే," అన్నాడు కెప్టెన్, లేవడానికి నేల మీద చెయ్యి ఆనిస్తూ.

గట్టు మీద నుంచి ఎవరో అరిచారు: "చిలకని పట్టనివ్వవా కెప్టెన్? బావమరిదికి చోటు ఖాళీ చేస్తున్నావా?" నవ్వులు లేచాయి. బంతి వేసిన డ్రైవరు నడుము మీద చేతులు పెట్టుకుని అతనినే చూస్తూ నిలబడ్డాడు.

కెప్టెన్ రెండు అడుగులు కుడికి జరిగి నిలబడ్డాడు. తర్వాతి బంతికి మళ్ళీ ఎడమకి ఒరిగాడు. ఆ తర్వాతి బంతికీ. తనకి తెలుస్తూనే ఉంది, ఆపడం మాత్రం చేతకాలేదు.

మంచినీళ్ళ విరామంలో జిగురు బకెట్ తెచ్చాడు. అందరికీ ఇచ్చి, చివరగా బావ దగ్గరికి వచ్చాడు. గ్లాసు అందిస్తూ మిగతావాళ్ళు దూరం జరిగేదాకా ఆగాడు.

"బయట నుంచి ఎప్పుడూ చూళ్ళేదు నేను," అన్నాడు. "బంతి మీదే ఉండేవి కళ్ళు. ఏదో ఒకటి రెండు నువ్వు అందుకుంటున్నావనుకున్నా. నువ్వు ప్రతి బంతికీ వచ్చేస్తున్నావు బావా. ఎంత దూరం వస్తున్నావో ఇవాళ తెలిసింది."

కెప్టెన్ నీళ్ళు తాగాడు.

"ఇంత దూరం వచ్చేవాడు నా పేరు చెప్పడు." జిగురు గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "మొన్న ఇంట్లో అన్నది నిజమేగా? నువ్వే అన్నావు."

"నేనే అన్నాను."

జిగురు తలూపాడు. బకెట్లో చెంబు ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు. "నేనైనా అదే చేసేవాణ్ణి అని మాత్రం అననులే."

"అనొద్దు."

"నన్నొక మాట అడగాల్సింది. గదిలోకి పోకముందు. 'ఏరా, మానేస్తావా' అని."

"ఓటు ఇస్తారని నాకు తెలీదురా."

"తెలిస్తే అడిగేవాడివా?"

జిగురు గట్టు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. అక్కడ అతని అక్క చుట్టూ ఉన్నవాళ్ళకి చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది.

"నీళ్ళు నింపడానికి అటు పోయినప్పుడు విన్నాను. నా కోసం నువ్వు లోపల ఎంత పోట్లాడావో చెబుతోంది. మేనేజర్ బల్ల గుద్దాడట. నువ్వు రాజీనామా ఇస్తానన్నావట." అతను నవ్వలేదు. "ఈ ముక్క మళ్ళీ ఆవిడ దగ్గర అనకు బావా. మొన్న నమ్మలేదు కాబట్టి సరిపోయింది. నమ్మిందంటే ఆ ఇంట్లో నేను ఎక్కడుండాలి, నువ్వు ఎక్కడుండాలి?"

"ఎన్నాళ్ళు అనకుండా ఉండగలనురా?"

"నువ్వు గదిలో మాట బయటపెట్టనివాడివి కదా," అన్నాడు జిగురు. బకెట్ ఎత్తుకున్నాడు, ఎడమ చేత్తో. "పో. చిలక పిలుస్తున్నాడు."

చిలక నిజంగానే పిలుస్తున్నాడు. కెప్టెన్ వెళ్ళేసరికి బూటు మడమతో నేల మీద ఒక గీత గీసి ఉంచాడు. గొంతులో మర్యాదే ఉంది. "అన్నా, ఏమీ అనుకోకండి. గీతకి ఇటు వస్తే నాది, అటు వస్తే మీది. అన్నదమ్ములు పెరడు పంచుకున్నట్టు."

"సరే," అన్నాడు కెప్టెన్.

గీతకి అవతల నిలబడ్డాడు. మోకాళ్ళు వంచి, బరువంతా కుడికాలి మీద వేసుకున్నాడు. బౌలింగ్ చేసే డ్రైవరు పరుగు మొదలుపెట్టాడు. చిలక మళ్ళీ బండి బయల్దేరుతోందన్నాడు. బంతి బ్యాటుని దాటి నేరుగా వచ్చింది. కెప్టెన్ ఎడమకాలు గీత దాకా వెళ్ళి అక్కడే ఆగింది. బంతి చిలక గ్లోవ్స్‌లో రెండు చేతుల మధ్య పడింది, తలుపు గట్టిగా మూసినట్టు.

గట్టు మీద అతని భార్య చెయ్యి ఊపింది. అతను కూడా ఊపాడు. బకెట్ పక్కన గడ్డిలో జిగురు, చిలక కోసం, ఎడమ అరచేత్తో తొడ మీద కొడుతున్నాడు.